పల్లెలో బ్రతుకు, పట్టాలో పేరు

మనుష్యునకు నేలయందు గల మమకారము సహజమైనది. తినుటకు చేను, తల దాచుకొనుటకు ఇల్లు, తన తరువాత బిడ్డలకు మిగుల్చుటకు మరల ఆ రెండే. పెండ్లిమాటలలో వరుని గుణగణములకంటె ముందు “భూమి యెన్ని యెకరములు?” అని మన పెద్దలు విచారించుట యిందువలననే. అయితే ఎకరము లెన్ని యని యడుగువారు పెక్కుమంది కలరు గాని, ఆ యెకరములు ఎవరి పేర నున్నవి, ఆ పేరు ఏ కాగితమున నున్నది, ఆ కాగితమును చదువగలవారు ఇంట నెవరున్నారు అని యడుగువారు మిక్కిలి యరుదు. ఈ ప్రశ్న లడుగకపోవుటచే మన తెలంగాణపు పల్లెలలో మూడు నాలుగు తరములవారు ఎట్టి నష్టమునకు లోనైరో, పల్లె పట్టణమైన పిదప గూడ ఆ నష్టమెట్లు వెన్నాడుచున్నదో చదువరుల కెఱిగింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మేము హైదరాబాదు పాతబస్తీలోని కిషన్‌బాగులో బాడుగ యింట కాపురముండి, పిల్లలకు పాఠములు చెప్పుకొని జీవించువారము. ఒకనాటి సాయంకాలము మా శిష్యురా లొకతె తన తల్లిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆ తల్లి రెండేండ్ల క్రిందట భర్తను గోల్పోయినది. ఆమె చేతిలో పాతగుడ్డలో చుట్టిన కాగితముల కట్ట యొకటి యుండెను. “సారూ, గివి జర సదివి చెప్పుండ్రి. మా మరది ఇల్లు అమ్ముదమంటుండు. ఇల్లు మాదేనా, కాదా?” అని ఆమె యడిగెను.

మేము కట్ట విప్పితిమి. పైన నున్నది ఆంగ్లమున టైపు చేసిన నోటరీ కాగితము. ఆమె భర్త యెనుబది గజముల స్థలమును కొన్నట్లు అందున్నది. దాని క్రింద, అమ్మినవాడు వేఱొకనియొద్ద కొన్నట్లు ఇంకొక నోటరీ కాగితము. అన్నిటికి నడుగున, మడతలకడ చినిగిపోయిన పాత స్టాంపుకాగితముపై ఉర్దూలో గొలుసుకట్టు వ్రాత. మేము బాల్యమున కాళిదాసును చదివితిమి. పిదప ఆంగ్లమున షేక్స్పియరును చదివితిమి. కాని మా వీధివారి బ్రతుకు ఏ లిపిలో వ్రాయబడియున్నదో ఆ లిపి మాకు రాదు. సిగ్గుపడి, పొరుగుననున్న వృద్ధు నొకనిని పిలిపించితిమి. ఆయన కండ్లజోడు సవరించుకొని మెల్లగ చదివి వినిపించెను. నది కనతిదూరమున ఒక తోట, అందొక మోటబావి, ఇన్ని మామిడిచెట్లు, ఇన్ని జామచెట్లు, నాలుగు హద్దులు, అమ్మినదొర పేరు, కొన్నదొర పేరు, ఇంతియే. ఆ చెట్లకు నీరు కట్టిన మాలీ పేరు అందెక్కడను లేదు. ఆ మాలీ సంతతివారే తరువాత ఆ నేలపై గుడిసె వేసికొనిరనియు, ఆ గుడిసెయే చేతులు మారి నేటి యిల్లయ్యెననియు ఆ వృద్ధుడు చెప్పెను. చెట్లను లెక్కించినవారు మనుష్యుని లెక్కింపలేదు.

ఈ యొక్క కాగితము మమ్ము చాలదినములు ఆలోచింపజేసెను. మా పేటపేరే యొక చరిత్ర. ‘కిషన్’ అనగా కృష్ణుడు, ‘బాగ్’ అనగా తోట. నేడు మూసీకి దక్షిణపుటొడ్డున, 1578లో గట్టిన పురానాపూలునకు పడమర దిక్కున, సందుకు సందు తగులునట్లు ఇండ్లు క్రిక్కిఱిసియున్న యీ తావున తోటలుండెననుటకు పేరే సాక్షి. పరిసరములను జూచినను పూర్వస్థితి తెలియును. సమీపముననే యిరువదియొక్క అర్ధచంద్రాకారపు కమానులను ఒడ్డునొడ్డు చేర్చి కట్టిన మీరాలం చెరువున్నది. గండిపేట జలాశయము రాకముందు నగరమునకు నీరిచ్చిన వానిలో నిది యొకటి. ఇంకొకప్రక్క, పందొమ్మిదవ శతాబ్దిలో రాజా చందూలాలు కాలమున పంజాబునుండి రప్పించిన సిక్కు సైనికుల సంతతివారు కాపురముండు సిక్కు ఛావనీ యున్నది. నగరముచుట్టు నుండిన పరగణాలకు ఆనాడు రెండు జిల్లాలపేర్లుండెను. ‘అత్రాఫె బల్దా’ యనగా నగరపు చుట్టుపట్టులు, ‘బాఘాత్’ అనగా తోటలు. ఈ రెంటిని గలిపి 1948లో హైదరాబాదు జిల్లా నేర్పఱచిరి. తోటలు పోయినవి, తోటల జిల్లాపేరును పోయినది. మా పేటపేరు మాత్రము మిగిలియున్నది.

ఇట్టి తోటలలోగాని, వాని కావలనున్న పల్లెలలోగాని, సామాన్యునకు బ్రతుకు దెరువెట్టిది? ఆస్తి సంపాదించుకొను ఆశ యెంత? ఈ ప్రశ్నకు సమాధానము చేని సారమునుబట్టి యుండవలెను. కాని ఆ చేను ఏ రకపు భూమియో దానినిబట్టి యుండెను.

నిజాము రాజ్యమున భూమి యంతయు నొక్కరీతిది కాదు. సుమారు నూటికి అరువది పాళ్లు దివానీ, అనగా సర్కారు నేరుగ శిస్తు వసూలు చేయునది. సుమారు ముప్పది పాళ్లు జాగీర్దారులు, పాయిగాలు, సంస్థానాధీశులు మున్నగువారి చేతిలోనిది. మిగిలిన పది పాళ్లు నిజాము సొంతఖర్చులకై యుంచుకొన్న సర్ఫె ఖాసు. అత్రాఫె బల్దా ఈ కడపటి తరగతికి జేరినది. ఒకే వాగునీటితో పాఱు రెండు పల్లెలలో నొకటి దివానీ, రెండవది జాగీరు అయినయెడల, ఆ రెండింటి రైతుల తలవ్రాతలు వేఱగుచుండెను.

దివానీ గ్రామములకు కొంత మేలు చేసినవాడు మొదటి సాలార్‌జంగు. 1853లో దివాను పదవికి వచ్చునప్పటి కాయన వయస్సు ఇరువదినాలుగేండ్లు. అంతకుముందు తాలూకాలను గుత్తకిచ్చుట వాడుక. గుత్తదారు సర్కారునకు గట్టవలసిన సొమ్ము గట్టి, రైతునొద్ద తాను రాబట్టగలిగినంత రాబట్టుకొనెడివాడు. సాలార్‌జంగు ఆ పద్ధతిని క్రమముగ మాన్పి, 1865లో జిల్లాబందీ యను పేర రాజ్యమును జిల్లాలుగ విభజించి, జీతగాండ్రయిన ఉద్యోగులను నియమించెను. పిదప భూమిని గొలిచి, సర్వే నంబరు లిచ్చి, శిస్తు గట్టువానిని పట్టాదారుగ నమోదు చేయు పని సాగినది. 1317 ఫసలీలో, అనగా 1907లో, భూమిశిస్తు చట్టము వచ్చెను. కాగితముపై జూచిన ఇది రైతునకు కల్పవృక్షమే. ఎవడు దున్నునో వానిపేరే సర్కారు దఫ్తరులో నుండును, వాడు శిస్తు గట్టునంతకాలము వానిని కదల్చువాడు లేడు.

కాని పేరు వ్రాయువాడెవడు? ఇచ్చటనే కథ యడ్డము తిరిగినది. పాతకాలమున శిస్తు వసూలు చేయుచుండిన దేశముఖులకు, దేశపాండ్యాలకు ఆ యధికారము తొలగినందుకు బదులుగ రుసుములేర్పడినవి. కాని ఊరిలెక్కలు, ఊరిహద్దులు, ఏ చేను ఎవరిదను జ్ఞానము వారియొద్దనే మిగిలెను. ఊరిలో మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ యను ముగ్గురు వంశపారంపర్యపు టుద్యోగులు. వారిలో కలము పట్టువాడు పట్వారీ. దఫ్తరుభాష మొదట పారసీకము, 1884 మొదలు ఉర్దూ. రైతు మాట తెలుగు, వానికి ఏ లిపియు రాదు. సర్వే గొలుసు పొలములో పడినప్పుడు రైతు చూచెను గాని, కలము కాగితముపై పడినప్పుడు ఏమి వ్రాసిరో యెఱుగడు. ఇట్లు వేలకొలది యెకరములు దున్నినవాని పేర గాక, దఫ్తరు నెఱిగినవాని పేర నెక్కెను. కత్తితో రాజ్యము గెలుచుట విన్నారము. కలముతో ఊళ్లు గెలుచుట మన తెలంగాణములో జరిగినది.

జాగీరు గ్రామముల సంగతి యింతకంటె దీనము. వానిలో పెక్కింట సర్వేయే జరుగలేదు. శిస్తు దివానీ గ్రామముల శిస్తుకంటె హెచ్చు. దానిపై పెండ్లికి, పండుగకు, దొర ప్రయాణమునకు వేర్వేరు పన్నులు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మున్నగు వృత్తులవారు దొర యింటను, అధికారుల మకాములలోను ఊరక చేయవలసిన వెట్టిచాకిరి యొకటి. ఇట్టి పల్లెలో ఆస్తి కూడబెట్టుకొందమని కష్టించువాడు ఏమని కష్టించును? పంట బాగుగ పండిన దొరకండ్లు పడును, బావి త్రవ్వుకొన్న నేల వెల పెరిగి కౌలు హెచ్చును. కష్టమునకు ఫలము తనకు దక్కునను నమ్మకము లేనిచోట సోమరితనమును నిందించుట న్యాయము కాదు. మన పల్లెవారు వెనుకబడియుండుటకు అలసత్వము, త్రాగుడు, దుర్వ్యయము కారణములని పట్టణపు సంస్కర్తలు పలుమాఱు ఉపన్యసించిరి. ఆ దోషములు లేవని మేమనము. కాని వానికి ముందు చెప్పవలసిన కారణము వేఱొకటి కలదు.

ఈ కారణమును గ్రహించినవారు ఆకాలముననే కొందఱుండిరి. 1921లో హైదరాబాదున నొక సభలో తెలుగున మాటాడబోయిన వక్తను సభికు లవమానింపగా ఆంధ్రజనసంఘము పుట్టెను. భాషకు గలిగిన యవమానమునుండి పుట్టిన యా సంఘము, గ్రంథాలయములు, బడులు పెట్టుటతో నాగక, వెట్టిచాకిరిని గూర్చి సర్కారు ఉత్తరువులేవో పల్లెవారికి తెలియజెప్పు పనికిని పూనుకొనెను. మాడపాటి హనుమంతరావుగారు ఈ యుద్యమమునకు ప్రాణమైరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ జరిగినప్పుడు, దానితోబాటు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను స్త్రీలసభయు జరిగెను. ఉత్తరువు పల్లెవానికి తెలిసిననే గాని పనిచేయదని వా రెఱుగుదురు. ఊరివాడు ఎఱుగని చట్టము దొరయింటి పెట్టెలోని నగవంటిది, ఉన్నదన్నమాటయే గాని ఒంటిమీదికి రాదు.

తెలిసికొన్న తరువాత ఎదిరించినవా రెట్టివారో చెప్పుటకు పాలకుర్తి అయిలమ్మగారి యుదాహరణ మొక్కటి చాలును. ఆమె చాకలికులమున బుట్టిన స్త్రీ. మల్లంపల్లి భూస్వామియొద్ద భూమి కౌలుకు దీసికొని సేద్యము చేయుచుండగా, విసునూరు దేశముఖు ఆ పంటను, భూమిని గైకొనజూచెను. సంఘమువారి తోడ్పాటుతో ఆమె పంటను ఇల్లు చేర్చుకొన్నది. వెట్టిచేయవలసిన కులముది, అందును స్త్రీ, “నాది” యని యొక చేనిని గూర్చి యనుటయే ఆనాటి దొరకు సహింపరానిదయ్యెను. ఆమె పోరాటము ఎకరముల కొఱకే కాదు, ఆ ‘నాది’ యను మాటకొఱకు.

1948 సెప్టెంబరులో నిజాము పాలన యంతమయ్యెను. 1949 ఆగస్టు 15వ తేదీని జాగీరుల రద్దు శాసనము వెలువడినది. 1950లో వచ్చిన హైదరాబాదు కౌలుదారీ చట్టము, కొంతకాలముగ దున్నుచున్న కౌలుదారులను ‘రక్షిత కౌలుదారులు’గ నమోదు చేయించెను. మరల కలము, మరల కాగితము. ఈసారి కాగితము దున్నువాని పక్షము. ఫలమేమి? ఆచార్య ఎ. ఎం. ఖుస్రోగారు ఊళ్లు తిరిగి విచారించి 1958లో ప్రకటించిన గ్రంథము ప్రకారము, నాలుగేండ్లు గడచునప్పటికి రక్షితులుగ నమోదైనవారిలో సగముకన్న తక్కువమందియే ఆ స్థితిలో మిగిలిరి. కొందఱు భూమిని కొని స్వంతదారులైరి. కాని పలువురు అక్రమముగ వెళ్లగొట్టబడిరి. మఱికొందఱు ‘స్వచ్ఛందముగ’ వదలుకొన్నట్లు వ్రాసి యిచ్చిరి. ఈ ‘స్వచ్ఛందము’ ఎట్టిదో పల్లె నెఱిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. దొర గడపకడ నిలుచుండి బొటనవ్రేలి ముద్ర వేయువానికి ఛందమును లేదు, స్వేచ్ఛయు లేదు.

అదే కాలమున, 1951 ఏప్రిలు 18వ తేదీని, పోచంపల్లి గ్రామమున వినోబాభావేగారిని అచటి హరిజనులు యెనుబది యెకరముల భూమి యడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరములు దానమిచ్చిరి. భూదానోద్యమ మట్లు మన తెలుగుగడ్డమీద పుట్టినది. ఆ దానము గొప్పది. అయినను దేశమున తరువాత జరిగిన భూదానములలో పెక్కింట, నోటిమాటయైన దానము పేరుమార్పిడి కాక నిలిచిపోయెనను సత్యమును మఱువరాదు. దాత హృదయముకూడ పట్టాలో నెక్కవలసినదే.

పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయ్యెను. 1971 చట్టముచే పట్టాదారు పాసుపుస్తకములకు ఏర్పాటు కలిగెను. ఇప్పుడు పుస్తకములకుమాఱు యంత్రములు లెక్కలు వ్రాయుచున్నవి. 2020లో ‘ధరణి’, దాని స్థానమున 2025లో ‘భూభారతి’ వచ్చినవి. కలము మారెను, కాలము మారెను. కాని పాత ప్రశ్న మారలేదు. పూర్వపు పహాణీలో పట్టాదారు గడి యొకటి, అనుభవదారు గడి యొకటి వేర్వేఱుగ నుండెను. యజమాని యెవడో, దున్నువాడెవడో, రెండును ఊరి లెక్కలో కనబడుచుండెను. 2017 తరువాత జరిగిన ప్రక్షాళనలో అనుభవదారు గడి తొలగెను. 2018 మే 10వ తేదీని మొదలైన రైతుబంధు పథకము ఎకరమునకు పంటకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారున కిచ్చెను. ఆ భూమిని కౌలుకు దున్ని, విత్తనము వేసి, అప్పుచేసినవానికి ఆ సొమ్ము రాలేదు. మా తోటకాగితములో మాలీ పేరు లేనట్లే, ఈ క్రొత్త లెక్కలోను కౌలురైతు పేరు లేదు. నూఱేండ్ల క్రిందటి దోషము క్రొత్తబట్ట కట్టుకొని వచ్చెనని మేమనిన కఠినమగునేమో. కాని అసత్యము కాదు.

ఇట్టి స్థితి మనకే చెల్లినదికాదు. జావాద్వీపపు పల్లెలలో ‘గిరిక్’ అను కాగితముండెను. అది శిస్తు గట్టినందుకు గుర్తు. ఊరివారు దానినే హక్కుపత్రముగ నమ్మి, తండ్రినుండి కొడుకునకు, అమ్మువానినుండి కొనువానికి అందించుకొనుచు వచ్చిరి. 1960లో ఇండొనీషియా ప్రభుత్వము భూమిని గూర్చి మూలచట్టము చేసి, నమోదైన పత్రమే ప్రమాణమనినది. కాని ఊరిమాటను నమ్మి గిరిక్‌తో తృప్తిపడినవారు ఆ తరువాత తరములవఱకు నుండిరి. సముద్రముల కావలనున్న యా పల్లెవానికిని, మా కిషన్‌బాగు విధవకును భాష వేఱు, మతము వేఱు, దుఃఖ మొక్కటియే.

ఇక మన గృహములలోని సంగతికి వత్తము. దొరలు రైతులపేర్లు వ్రాయలేదని యింతవఱకు నిందించితిమి. మన యిండ్లలో స్త్రీలపేర్లు మనము వ్రాసితిమా? 1956 హిందూ వారసత్వచట్టముచే తండ్రి స్వార్జితములో భార్యకు, కొడుకునకు, కూతునకు సమభాగమేర్పడెను. పిత్రార్జితములో పుట్టుకచేత హక్కు మాత్రము కొడుకులకే యుండెను. మన రాష్ట్రమున 1985లో, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు ఆ హక్కును గలిగించిరి. 2005లో దేశమంతట కుమార్తెల కది వర్తించినది. చట్టము వచ్చునాటికి తండ్రి బ్రతికియుండనక్కఱలేదని 2020లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. ముసల్మానుల ధర్మశాస్త్రమున, బిడ్డలున్న భార్యకు భర్త యాస్తిలో ఎనిమిదవవంతు, కూతునకు కొడుకు వాటాలో సగము ఏనాటినుండియో వ్రాయబడియున్నది. ఇన్ని చట్టములుండగా జరుగుచున్నదేమి? “పెండ్లికి పెట్టితిమి గదా, పసుపుకుంకుమల క్రింద ఇచ్చితిమి గదా” యని యొకచోట, “అన్నదమ్ములతో వైరమేల, పుట్టిల్లు లేకుండ పోవును” అని యొకచోట, ఆడబిడ్డచేత హక్కువిడుదల పత్రముపై చేవ్రాలు చేయించుచున్నారము. ఇదియును ‘స్వచ్ఛందమే’. ఖుస్రోగారు ఊళ్లలో కనుగొన్న స్వచ్ఛందమునకును, మన కూటిగదిలోని స్వచ్ఛందమునకును భేదమేమున్నది? అక్కడ దొర కూర్చున్నచోట ఇక్కడ మన మున్నారము. సంస్కారమును గూర్చి వేదికలపై మాటాడు మనము దీనిని యోచింపవలదా?

మరల మా కిషన్‌బాగునకు వత్తము. పల్లె పట్టణమగునప్పుడు నేల వెల పెరుగును. కాని పెరిగిన వెల కాగితమున్నవానికే లాభము. కాగితము లేనివానికి అదే భయము. తోట ముక్కలైనప్పుడు చిన్నచిన్న గజములలెక్కను కొన్నవారు కూలివారు, బండివారు, చిల్లరవర్తకులు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము నూఱు రూపాయలు, అంతకుమించిన విలువగల స్థిరాస్తి విక్రయము తప్పక రిజిస్టరు కావలెను. నోటరీ చేయునది చేవ్రాలును ధ్రువపఱచుటయే గాని హక్కును మార్చుట కాదు. ముక్తారునామాలతో, ఒప్పందకాగితములతో జరుగు అమ్మకములు హక్కు నీయవని సుప్రీముకోర్టు 2011లో స్పష్టపఱచెను. అయినను పాతబస్తీలో నోటరీ కాగితములపై చేతులుమారిన యిండ్లు కొల్లలు. మూఢత్వమా? కొంత. కాని పేదఱికము హెచ్చు. 2021 జూలై నుండి రిజిస్ట్రేషను ఖర్చు విలువలో నూటికి ఏడున్నర పాళ్లయ్యెను. పదిలక్షల యింటికి డెబ్బదియైదువేలు. అప్పుచేసి ఇల్లు కొన్న కూలివాడు ఆ డెబ్బదియైదువేలు ఎచ్చటనుండి తెచ్చును? పైగా అమ్మినవానికే సరియైన పత్రము లేనప్పుడు సొమ్ముండియు రిజిస్టరు చేయించుకొనలేడు. అడుగున నున్న కాగితము వంకరయైన పైనున్న కాగితములన్నియు వంకరలే.

ఇందలి యపాయము నది చూపించినది. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీ పొంగి వేలకొలది జనులను దీసికొనిపోయెను. ఆ విపత్తు ఫలముగనే గండిపేట, హిమాయత్‌సాగరు జలాశయములు వచ్చినవి. వరదభయము తగ్గెనని జనులు క్రమక్రమముగ నదిగర్భమువఱకు ఇండ్లు గట్టిరి. 2024లో నదిని బాగుచేయు పథకము పేర, తీరమందలి యిండ్లపై అధికారులు ఎఱ్ఱరంగుతో గుర్తులు పెట్టిరి. నదికి దాని చోటు దానికుండవలెననుటను మేమంగీకరింతుము. కాని ఆ దినములలో గుర్తులుపడిన యిండ్ల స్త్రీలు కరెంటు బిల్లులను, పన్ను రసీదులను ఇనుపపెట్టెలనుండి దీసి, వచ్చినవా రెల్లరకు చూపుచుండిరి. పన్ను తీసికొన్నప్పుడు మాది, తీసివేయునప్పుడు మాదికాదా యని వారు ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు న్యాయశాస్త్రమున సమాధానమున్నది. మనస్సునకు సమాధానము లేదు.

ఇక కర్తవ్యమేమి? ప్రభుత్వము చేయవలసినవి రెండు కలవు. దున్నువాని పేరు, కాపురమున్నవాని పేరు లెక్కలో కనబడునట్లు చేయుట మొదటిది. ఎనుబది గజములలోపు ఇండ్లకు పేదవాడు భరింపగల రుసుముతో పత్రములు సరిచేయు దారి చూపుట రెండవది. కాని ప్రభుత్వము చేయువఱకు మన యిండ్లలో మనము చేయదగినవి కలవు, వానికి ఉత్తరువు లక్కఱలేదు. ఇంటికాగితములు ఎచ్చట నున్నవో, అందేమున్నదో భార్యకు, ఎదిగిన కూతునకు చదివి చెప్పవలెను. క్రొత్తగ కొనునప్పుడు అమ్మువాని కాగితముమాత్రమే గాక వాని వెనుకటివాని కాగితముకూడ విచారింపవలెను. పత్రమున ఇల్లాలి పేరు చేర్పవలెను. ఆడబిడ్డచేత చేవ్రాలు చేయించునప్పుడు ఆ కాగితము ఆమె చదివి తెలిసికొన్నపిదపనే చేయింపవలెను. మన బడులలో లాభనష్టముల లెక్కలు నేర్పుచున్నారము. ఒక విక్రయపత్రము ఎట్లుండునో, పహాణీ అననేమో చూపి నేర్పిన తప్పేమి?

మా శిష్యురాలి తల్లికి మేమేమి చెప్పితిమని చదువరులడుగుదురేమో. “అమ్మా, ఇది పూర్తి పత్రము కాదు. అట్లని చిత్తుకాగితమును కాదు. ఇన్నేండ్ల కాపురము, పన్ను రసీదులు, ఈ మూడు కాగితముల వరుస, ఇవన్నియు నీకు బలము. భర్త వాటాలో నీకును, నీ బిడ్డకును హక్కున్నది. మరది దెచ్చిన ఏ కాగితముపైనను వ్రేలిముద్ర వేయకుము. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తములేకుండ ఉచితముగ న్యాయవాది నిచ్చు న్యాయసేవాధికారసంస్థ జిల్లాకొకటి కలదు. అది 1987 చట్టముచే నేర్పడినది. అచటికి పొమ్ము” అని చెప్పితిమి. ఆమె పోయెను. వ్యవహార మింకను తెగలేదు. తెగునో లేదో మేము చెప్పజాలము. ఇంతవఱకు ఇల్లు మాత్రము అమ్ముడుపోలేదు.

ఆ సాయంకాలము పొరుగింటి వృద్ధుడు ఉర్దూ కాగితమును చదువుచుండగా, ఆ బాలిక తన లెక్కల పుస్తకమున దాని యర్థమును తెలుగున వ్రాసికొన్నది. చెట్ల సంఖ్య వ్రాసెను, హద్దులు వ్రాసెను. కడపట “మాలీ పేరు?” అని వ్రాసి, ప్రక్కన చోటు విడిచినది. మేము దానిని జూచి యేమియు ననలేదు. మఱునాటినుండి ఆ వృద్ధునియొద్దకు పోయి అలిఫ్, బే నేర్చుకొనుచున్నాము.